మెయిన్‌ఫ్రేమ్ డేటాను మొబైల్ యాప్‌కి ఇవ్వాలంటే: ఎంక్యూ, కాఫ్కా, జేడీబీసీ గొడవలో నా మాట

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. క్లయింట్ అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ. పాలసీ వివరాలు మెయిన్‌ఫ్రేమ్ (ఐబీఎం పెద్ద కంప్యూటర్) మీదున్న డీబీ2 డేటాబేస్‌లో ఉన్నాయి, పాత ప్రీమియం లెడ్జర్ వీసామ్ అనే మెయిన్‌ఫ్రేమ్ రకం ఫైళ్ళలో ఉంది, రెండింటి మీదా సీఐసీఎస్‌లో (ట్రాన్సాక్షన్లు నడిపే మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్) నడిచే కోబాల్ ప్రోగ్రాములు. మీరు చెన్నై షోళింగనల్లూర్ ఆఫీసులో స్ప్రింగ్ బూట్ (జావా) టీమ్. మొబైల్ యాప్‌లో పాలసీ స్థితి చూపించాలి, ప్రీమియం కట్టించుకోవాలి. మేనేజర్ ఎంక్యూ (ఐబీఎం మెసేజ్ క్యూ) అంటున్నారు, ఆర్కిటెక్ట్ కాఫ్కా (జరిగిన సంగతుల చిట్టా నడిపే వ్యవస్థ) అంటున్నారు, పక్క సీటాయన "నేరుగా జేడీబీసీతో టేబుల్ చదివేస్తే పోలా" అంటున్నాడు. జేడీబీసీ అంటే జావానుంచి డేటాబేస్‌కి నేరుగా ఉండే దారి. ఈలోగా టెస్ట్‌లో వచ్చే మెసేజ్‌లో సగం చెత్త అక్షరాలు, కొన్నిసార్లు అసలు జవాబే రావడం లేదు.

నేను అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని చెన్నై రైలెక్కిన తరం మనిషిని. అప్పటినుంచి ఇదే పని. కాబట్టి అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రీమియం కట్టే పనిని ఎంక్యూ మీదుగా, ఇప్పటికే ఉన్న సీఐసీఎస్ ప్రోగ్రామ్‌కే పంపండి. చూపించే పనికి మెయిన్‌ఫ్రేమ్ దాకా పోకండి, బయట ఒక కాపీ పెట్టుకోండి. టేబుల్‌లోకి నేరుగా రాయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఎందుకంటే డేటా అర్థం టేబుల్‌లో ఉండదు, ప్రోగ్రామ్‌లో ఉంటుంది. మీ పాలసీ టేబుల్‌లో స్టేటస్ కాలమ్ ఉంటుంది కదా, దాన్ని చూసి యాప్‌లో "యాక్టివ్" అని వేశారనుకుందాం. గ్రేస్ పీరియడ్ దాటిందా లేదా అన్న లెక్క చాలా చోట్ల కోబాల్ ప్రోగ్రామ్ చూసుకుంటుంది, ల్యాప్స్ అని గుర్తు వేసేది రాత్రి బ్యాచ్ (రాత్రిపూట ఒకేసారి నడిపే పనులు). అంటే కాలమ్‌లో యాక్టివ్ అని ఉన్నా ఆ పాలసీ నిజానికి ఆగిపోయి ఉండొచ్చు. కాల్‌సెంటర్ వాళ్ళ స్క్రీన్‌లో సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళు ప్రోగ్రామ్ ద్వారా చూస్తారు. మీ యాప్‌లో తప్పు కనిపిస్తుంది. బ్యాంకుకి వెళ్ళి కౌంటర్లో చీటీ ఇవ్వడానికీ, లోపలికి పోయి లెడ్జర్ మనమే దిద్దుకోవడానికీ ఉన్న తేడా ఇది. క్యూలో మీరు పెట్టే మెసేజ్ ఆ చీటీ లాంటిది కావాలి. "ఫలానా పాలసీకి ఇంత ప్రీమియం జమ చెయ్యి" అని ఉండాలి, "ఫలానా టేబుల్లో ఈ వరస మార్చు" అని ఉండకూడదు.

పక్క సీటాయనకు కొంత న్యాయం చెయ్యాలి. డీబీ2కి నెట్‌వర్క్ దారి ఉంది, దాన్ని డీడీఎఫ్ అంటారు. జేడీబీసీతో చదవడం సాధ్యమే. ఆ పనిలో కొంత భాగం జిప్ ప్రాసెసర్ల (సాఫ్ట్‌వేర్ బిల్లు తక్కువ పడే ప్రత్యేక ప్రాసెసర్లు) మీదికి పోతుంది కాబట్టి కొన్నిసార్లు చవక కూడా. కానీ వీసామ్ ఫైలు ఆ దారిలో దొరకదు, పైన చెప్పిన గ్రేస్ లెక్క దొరకదు. పైగా ఒక జావా కనెక్షన్ కమిట్ చెయ్యకుండా కూర్చుంటే, ఐసోలేషన్ లెవెల్‌ని (లాకులు ఎంత గట్టిగా పట్టుకోవాలన్న సెట్టింగ్) బట్టి దాని లాకుల వెనక సీఐసీఎస్ ట్రాన్సాక్షన్లు ఆగి, -911, -913 అనే లాక్ ఎర్రర్లతో పడిపోతాయి. అప్పుడు తిట్లు మీకే.

ఇప్పుడు దారి ఎలా ఉంటుందో చూద్దాం. మీ స్ప్రింగ్ బూట్ సర్వీస్ లైనక్స్ మీదున్న క్యూ మేనేజర్‌లో (ఎంక్యూలో క్యూలని నడిపే సర్వర్) మెసేజ్ పెడుతుంది. అక్కడినుంచి ఛానల్ ద్వారా మెయిన్‌ఫ్రేమ్ క్యూ మేనేజర్‌కి చేరుతుంది. క్యూకి ట్రిగ్గర్ పెట్టి ఉంటే ఇనీషియేషన్ క్యూలో ఒక ట్రిగ్గర్ మెసేజ్ పడుతుంది, దాన్ని సీఐసీఎస్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండే సీకేటీఐ అనే ట్రాన్సాక్షన్ చూసి మీ కోబాల్ ప్రోగ్రామ్‌ని లేపుతుంది. ప్రోగ్రామ్ మెసేజ్ తీసుకుని, డీబీ2 మార్చి, జవాబు క్యూలో పెట్టి, సింక్‌పాయింట్ (కమిట్) కొడుతుంది. మెసేజ్ తియ్యడం, టేబుల్ మార్చడం, జవాబు పెట్టడం ఈ మూడూ ఒకే యూనిట్ ఆఫ్ వర్క్. జరిగితే మూడూ జరుగుతాయి, లేకపోతే ఏదీ జరగదు. ఎంక్యూ 1993 నుంచి ఉంది, సీఐసీఎస్, డీబీ2 అంతకంటే పాతవి. ఈ మూడింటి మధ్య టూ-ఫేజ్ కమిట్ (అందరూ కలిసి ఒకేసారి కమిట్ చేసే పద్ధతి) ఎన్నో ఏళ్ళుగా నలిగిన దారి. ప్రీమియం విషయంలో నేను ఎంక్యూ వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే. ట్రిగ్గర్ రకం మాత్రం "ఫస్ట్" పెట్టించండి, ప్రోగ్రామ్ 2033 ("ఇక మెసేజ్ లేదు" అనే ఎంక్యూ కోడ్) వచ్చేదాకా క్యూలో ఉన్నవన్నీ తీసుకునేలా రాయించండి. "ఎవ్రీ" పెడితే రద్దీ వేళ ఒక్కో మెసేజ్‌కి ఒక్కో టాస్క్ లేస్తుంది.

సరే, మీ చెత్త అక్షరాల సంగతి. ఇది ఎక్కడ పుడుతుందో ఒక్క ఉదాహరణతో చెప్తాను. కాపీబుక్‌లో (కోబాల్ రికార్డ్ నమూనా) ప్రీమియం ఫీల్డ్ ఎస్9(7)వీ99 కామ్ప్-3 అని ఉందనుకోండి. 12,345.67 డాలర్లు అందులో ఐదు బైట్లుగా ఉంటుంది: 00 12 34 56 7సీ. ప్రతి అర బైటులో ఒక అంకె, చివరి అర బైటు గుర్తు, సీ అంటే ప్లస్, డీ అంటే మైనస్. ఇది అక్షరాల వరస కాదు. కానీ మెసేజ్ మీద "ఇది స్ట్రింగ్" అని రాసి పంపితే, తీసుకునేవాళ్ళు కన్వర్ట్ అడిగితే, ఎంక్యూ పాపం మొత్తాన్నీ ఎబ్సిడిక్ (మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్) అక్షరాలే అనుకుని మార్చేస్తుంది. ఎబ్సిడిక్‌లో 7సీ అంటే @ గుర్తు. అది ఆస్కీలో 40 అవుతుంది. చివరి అంకె ఏడూ పోయింది, ప్లస్ గుర్తూ పోయింది. అంతకుముందున్న 56 అనే బైటు యూటీఎఫ్-8లోకి వచ్చేసరికి రెండు బైట్లు అవుతుంది, దాంతో దాని తర్వాతి ఫీల్డులన్నీ పక్కకి జరుగుతాయి. మీకు పేరు సగం సరిగ్గా, తర్వాతదంతా చెత్తగా కనిపిస్తోందంటే నూటికి తొంభై పాళ్ళు ఇదే. ఇటునుంచి ఇలాంటి విరిగిన ఫీల్డ్ మెయిన్‌ఫ్రేమ్‌కి వెళ్ళి అక్కడ కూడిక చేస్తే ఎస్0సీ7 అనే డేటా ఎర్రర్, పాతవాళ్ళ భాషలో సాక్ సెవెన్. సీఐసీఎస్‌లో అది ఏఎస్‌ఆర్‌ఏ అబెండ్‌గా (ప్రోగ్రామ్ కూలిపోవడం) కనిపిస్తుంది.

బైనరీ ఫీల్డుల్లో ఇంకో రకం తిరకాసు. మెయిన్‌ఫ్రేమ్ పెద్ద బైటు ముందు రాస్తుంది, మన ఇంటెల్ సర్వర్ చిన్న బైటు ముందు చదువుతుంది. నాలుగు బైట్లలో ఉన్న 1ని తలకిందులుగా చదివితే 1,67,77,216 వస్తుంది. జావాలో బైట్‌బఫర్ మొదటినుంచీ పెద్ద బైటు ముందే చదువుతుంది కాబట్టి మీరు దీన్నుంచి తప్పించుకోవచ్చు, మధ్యలో పైథాన్, సీ కోడ్ ఉంటే చూసుకోండి. రీఫండ్ మొత్తం "12ఎల్" లాగా కనిపిస్తే భయపడకండి. గుర్తు ఉన్న జోన్డ్ డెసిమల్‌లో (ఒక్కో అంకెకి ఒక్కో బైటు రాసే పద్ధతి) మైనస్ 123ని అక్షరాలుగా చూస్తే అలాగే ఉంటుంది.

దీనికి మూడు మందులున్నాయి. మొదటిది, మెసేజ్‌ని బైట్స్ మెసేజ్‌గా తీసుకుని, ఎంక్యూ చేత ఏ మార్పూ చేయించకుండా, కాపీబుక్ ప్రకారం జావాలోనే విప్పుకోవడం. జేరికార్డ్ లాంటి లైబ్రరీలు ఉన్నాయి. రెండోది, మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళనే అన్ని అంకెలూ మామూలు డిస్‌ప్లే రూపంలో, గుర్తు విడిగా ఉండేలా రాసి పంపమనడం. అప్పుడు స్ట్రింగ్ మార్పిడి ఏమీ చెడగొట్టదు. మూడోది జేసన్ (ఫీల్డ్ పేర్లతో సహా రాసే టెక్స్ట్ రూపం). కోబాల్ 6.1 నుంచి జేసన్ జెనరేట్, 6.2 నుంచి జేసన్ పార్స్ భాషలోనే ఉన్నాయి. నేనైతే కొత్త మెసేజ్‌లకి జేసనే అడుగుతాను, కానీ అందులోనూ ఒక గుంట ఉంది. జేసన్ జెనరేట్ మామూలుగా యూటీఎఫ్-8లో రాస్తుంది. ప్రోగ్రామర్ మెసేజ్ డిస్క్రిప్టర్‌లో (ఎంక్యూ మెసేజ్ వివరాల భాగం) కోడ్ పేజీ మార్చకుండా వదిలేస్తే అది క్యూ మేనేజర్ సొంత ఎబ్సిడిక్ పేరుతో వెళ్తుంది. 1208 (యూటీఎఫ్-8 నంబర్) అని రాయించాలి. అలాకాక జేసన్‌ని ఎబ్సిడిక్‌లోనే పంపితే బ్రాకెట్ల గొడవ మొదలవుతుంది. అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు దాదాపు అన్ని ఎబ్సిడిక్ పేజీల్లోనూ ఒకటే, చదరపు బ్రాకెట్లు మాత్రం కాదు. తెరిచే బ్రాకెట్ 37వ పేజీలో బీఏ, 500లో 4ఏ, 1047లో ఏడీ. క్యూ మేనేజర్‌కి ఏమీ చెప్పకపోతే 500, ప్రోగ్రాములు ఎక్కువగా 37 లేదా 1047. అంతా బాగుండి ఒక్క అర్రే దగ్గరే పార్సర్ చచ్చిపోతోందంటే ముందు ఇక్కడ చూడండి.

మీకు దీనికి సంబంధం లేకుండా ఇంకో చెత్త కూడా రావచ్చు. జేఎంఎస్ (జావాలో మెసేజ్‌లు పంపే ఇంటర్‌ఫేస్) తన సొంత హెడర్ ఒకటి మెసేజ్ ముందు తగిలిస్తుంది. కోబాల్ ప్రోగ్రామ్ పాలసీ నంబర్ కోసం చూస్తే అక్కడ "ఆర్ఎఫ్‌హెచ్" అని ఉంటుంది. క్యూ పేరు చివర టార్గెట్‌క్లయింట్ ప్రాపర్టీని 1 చేస్తే ఆ హెడర్ పోతుంది. ఈ ఒక్కదాని మీద మెయిన్‌ఫ్రేమ్ టీమ్, జావా టీమ్ వారం రోజులు "తప్పు మీది" అని మెయిళ్ళు రాసుకోవడం ఒక క్లయింట్ దగ్గర చూశాను. రెండు టీములూ ఒకే బిల్డింగ్, ఒక అంతస్తే తేడా.

ఇక జవాబు రాకపోవడం. ముందు మీ కోడ్‌లో ఒకటి చూడండి. ట్రాన్సాక్షనల్ అనొటేషన్ ఉన్న ఒకే మెథడ్‌లో మెసేజ్ పంపి, అదే మెథడ్‌లో జవాబు కోసం ఆగుతున్నారా? ఆ ట్రాన్సాక్షన్‌లో జేఎంఎస్ సెషన్ కూడా ఉంటే, మెథడ్ పూర్తయ్యేదాకా కమిట్ జరగదు. కమిట్ జరగని మెసేజ్ అవతలివాళ్ళకి కనిపించదు. మీరు జవాబు కోసం చూస్తుంటారు, వాళ్ళు ప్రశ్న కోసం చూస్తుంటారు. పది సెకన్లు గడిచినా చేతికి ఏమీ రాదు, మెథడ్ ఎర్రర్‌తో బయటపడి రోల్‌బ్యాక్ అవుతుంది, అసలు మెసేజ్ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. లాగ్‌లో మాత్రం "పంపాం" అని ఉంటుంది! ఆ పది సెకన్లలో క్యూ స్టేటస్ డిస్‌ప్లే చేయిస్తే అన్‌కమిటెడ్ మెసేజ్ ఉందని బయటపడుతుంది. పంపడాన్ని విడిగా కమిట్ చెయ్యండి, ఆ తర్వాతే ఆగండి.

జవాబును పట్టుకోవడానికి కోరిలేషన్ ఐడీ వాడండి. మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామ్ మీ మెసేజ్ ఐడీని తన జవాబులో కోరిలేషన్ ఐడీగా పెట్టడం మామూలు పద్ధతి. జవాబు క్యూ మెయిన్‌ఫ్రేమ్ మీదే ఉంటే దానికి కోరిలేషన్ ఐడీ మీద ఇండెక్స్ పెట్టించండి, లేకపోతే క్యూ పెరిగేకొద్దీ వెతుకులాట సీపీయూని తింటుంది.

జవాబు నిజంగానే రాకపోతే ఏం చెయ్యాలి? అసలు డిజైన్ ఇక్కడుంది, మీ ప్రశ్నలో దీని ఊసే లేదు. కస్టమర్ "పే" నొక్కాడు, పది సెకన్లకి టైమౌట్ అయింది. డబ్బు జమ అయిందా? మీకు తెలియదు. మెసేజ్ క్యూలోనే ఉండొచ్చు, ప్రోగ్రామ్ పూర్తి చేసి జవాబు దారిలో ఉండొచ్చు, ఏదీ జరగకపోయి ఉండొచ్చు. కస్టమర్ ఇంకోసారి నొక్కుతాడు, తప్పకుండా నొక్కుతాడు. అందుకని ప్రతి చెల్లింపుకీ యాప్‌లోనే ఒక ప్రత్యేక నంబర్ పుట్టాలి, ఎన్నిసార్లు నొక్కినా అదే నంబర్ వెళ్ళాలి. మెయిన్‌ఫ్రేమ్ వైపు ఆ నంబర్‌కి యూనిక్ ఇండెక్స్ ఉన్న ఒక చిన్న డీబీ2 టేబుల్ పెట్టించండి. ప్రోగ్రామ్ ప్రీమియం జమ చేసే యూనిట్ ఆఫ్ వర్క్‌లోనే ఆ నంబర్ కూడా ఇన్సర్ట్ చెయ్యాలి. -803 (ఆ నంబర్ ముందే ఉంది అనే ఎర్రర్) వచ్చిందంటే ఈ పని ఇప్పటికే అయిపోయిందని అర్థం, పాత ఫలితాన్నే మళ్ళీ జవాబుగా పంపాలి. ఎంక్యూ మెసేజ్‌ని ఒక్కసారే చేరుస్తుంది, నిజమే. కానీ కస్టమర్ వేలు రెండుసార్లు నొక్కితే అది ఎంక్యూకి రెండు వేర్వేరు మెసేజ్‌లు. మెసేజ్ ఐడీని ఈ నంబర్‌గా వాడుకోవద్దని చెప్పేది కూడా అందుకే.

దీనికి జతగా ఎక్స్‌పైరీ. పాలసీ వివరం అడిగే మెసేజ్‌కి మీరు ఎంతసేపు ఆగుతారో అంతే ఆయుష్షు పెట్టండి. అడిగినవాడు వెళ్ళిపోయాక జవాబు తయారుచెయ్యడం దండగ. ఎంక్యూ సొంత ఫీల్డ్‌లో ఆ విలువ సెకనులో పదో వంతుల్లో ఉంటుంది, జేఎంఎస్‌లో మిల్లీసెకన్లలో. రెండు టీములూ ఒకే అంకె చెప్పుకుంటే వందరెట్లు తేడా వస్తుంది. చెల్లింపు మెసేజ్‌కి మాత్రం ఆయుష్షు పెట్టకండి, అది పర్సిస్టెంట్‌గా (క్యూ మేనేజర్ ఆగి లేచినా పోకుండా), జరిగేదాకా ఉండాలి.

విషపు మెసేజ్ గురించి కూడా చెప్పాలి. ఒక చెడ్డ మెసేజ్ వల్ల ప్రోగ్రామ్ అబెండ్ అయితే సింక్‌పాయింట్ వెనక్కి పోతుంది, మెసేజ్ మళ్ళీ క్యూ ముందుకొస్తుంది, ప్రోగ్రామ్ మళ్ళీ అబెండ్. డంపులు నిండిపోతాయి, వెనకున్న మంచి మెసేజ్‌లన్నీ ఆగిపోతాయి. జావా వైపు ఎంక్యూ జేఎంఎస్ లైబ్రరీ బ్యాకౌట్ త్రెషోల్డ్ (ఎన్నిసార్లు వెనక్కి వస్తే పక్కన పెట్టాలన్న అంకె) చూసి దాన్ని వేరే క్యూలో పడేస్తుంది. కోబాల్ వైపు ఎవరూ చెయ్యరు, ప్రోగ్రామే బ్యాకౌట్ కౌంట్ చూసుకుని పక్కకి పెట్టాలి. క్యూ నిర్వచనంలో త్రెషోల్డ్ అంకె రాసేసి "అయిపోయింది" అనుకునేవాళ్ళు చాలామంది. అడిగి చూడండి, ప్రోగ్రామ్‌లో ఆ కోడ్ ఎక్కడుందో చూపించమనండి.

కాఫ్కా మాట. మీ ఆర్కిటెక్ట్ తప్పేమీ చెప్పడం లేదు, వేరే పనికి చెప్తున్నారు. కాఫ్కా జరిగిన సంగతుల చిట్టా. ఒక పని చేసిపెట్టి జవాబు చెప్పమని అడగడానికి అది అనువు కాదు. అందులోనూ సీఐసీఎస్ యూనిట్ ఆఫ్ వర్క్‌లో అది భాగం కాదు. అదే చూపించే పనికైతే చక్కగా కుదురుతుంది. డీబీ2 లాగ్ చదివి మార్పులు పంపే సీడీసీ సాధనాలు ఉన్నాయి, వాటినుంచి కాఫ్కాకి, అక్కడినుంచి మీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి. యాప్ పోస్ట్‌గ్రెస్ చదువుతుంది. డబ్బు కోణం కూడా ఉంది: చాలా కంపెనీలకి మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ బిల్లు నెలలో నాలుగు గంటల సగటు వాడకం ఎక్కడ శిఖరానికి చేరిందో దాన్ని బట్టి పడుతుంది. మొబైల్ యాప్ జనం ఊరికే తెరిచి చూస్తుంటారు. ఆ ప్రతి చూపూ సీఐసీఎస్ దాకా పోతే, ఆ శిఖరం మీ వల్లే పెరిగిందని క్లయింట్ లెక్క తీసి చూపిస్తాడు. గ్రేస్ లెక్క సమస్య మాత్రం కాపీలోనూ వస్తుంది. స్టేటస్‌ని ముడి కాలమ్‌నుంచి తియ్యకుండా, అదే కోబాల్ ప్రోగ్రామ్ లెక్కను విడిగా ఒక మెసేజ్‌గా పంపేలా అడగండి. ఒక పాలసీ మార్పులు వరస తప్పకూడదు కాబట్టి కాఫ్కాలో కీ పాలసీ నంబరే కావాలి.

మన ఊరి గడియారం కూడా ఇందులో ఉంది. అమెరికా తూర్పు తీరంలో రాత్రి తొమ్మిదికి బ్యాచ్ మొదలైతే మనకి వేసవిలో ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ళు మార్చిలో, నవంబరులో గడియారం మార్చుకుంటారు, మనం మార్చుకోం. బ్యాచ్ కోసం వీసామ్ ఫైళ్ళు సీఐసీఎస్‌కి మూసేస్తారు. మీరు ఓఎమ్ఆర్ ట్రాఫిక్ దాటి తొమ్మిదికి ఆఫీసుకొచ్చి టెస్ట్ చేస్తే జవాబు రాకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, టెస్ట్ సిస్టమ్‌కీ చాలా చోట్ల అలాంటి వేళలే ఉంటాయి. ప్రొడక్షన్‌లో అయితే మెసేజ్ క్యూలో ఆగి, ఫైళ్ళు తెరిచాక జమ అవుతుంది. క్యూ పెట్టుకున్నందుకు దక్కే లాభం అదే. అప్పటిదాకా యాప్‌లో కస్టమర్‌కి ఏం చూపించాలో, చెల్లింపు తేదీగా ఏ రోజు వెయ్యాలో బిజినెస్ వాళ్ళు రాతపూర్వకంగా చెప్పాలి. గడువు ఆఖరి రోజు రాత్రి తొమ్మిదిన్నరకి కట్టిన ప్రీమియం మర్నాడు జమ అయిందని పాలసీ ల్యాప్స్ చేస్తే కోర్టు దాకా పోతుంది. మెసేజ్‌లో కస్టమర్ నొక్కిన సమయాన్ని టైమ్‌జోన్‌తో సహా పెట్టండి.

టెస్ట్ డేటాలో ఒక పేరు కలపండి: ఓ’బ్రయన్, ఐఫోన్‌లో టైప్ చేసినట్టుగా. ఐఫోన్ మామూలు అపాస్ట్రఫీని వంకర అపాస్ట్రఫీగా మారుస్తుంది. అది 37వ పేజీలో లేదు, కాబట్టి అవతల 3ఎఫ్ అనే ప్రత్యామ్నాయ బైటు పడుతుంది, తర్వాత పేరుతో వెతికితే ఆ మనిషి దొరకడు. మన దేశపు క్లయింట్ అయితే ఇంకా కష్టం. వెంకటేశ్వర్లు అని తెలుగులో రాస్తే పదమూడు కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 39 బైట్లు. 30 బైట్ల పేరు ఫీల్డ్‌లో అది పట్టదు.

మీరు ముందు చెయ్యాల్సింది ఏమిటంటే, మెయిన్‌ఫ్రేమ్ టీమ్ దగ్గరికి వెళ్ళి ఆ కోబాల్ ప్రోగ్రామ్‌ని చాలా ఏళ్ళుగా చూస్తున్న మనిషితో కూర్చోండి. కాపీబుక్ తీసుకుని, అందులో రీడిఫైన్స్ ఉన్న ప్రతిచోటా "ఏ రికార్డ్‌కి ఏ రూపం" అని అడిగి పక్కన రాసుకోండి. ఒకే బైట్లు ఒక పాలసీ రకానికి తేదీ, ఇంకో రకానికి ఏజెంట్ కోడ్ అయి ఉంటాయి, అది ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు. ఆయన నవంబరులో రిటైర్ అవుతున్నారా అని కూడా కనుక్కోండి. అవుతుంటే మీ ప్లాన్‌లో కోడింగ్ కంటే ముందు ఆ పని పెట్టండి.